తడి నేల మీద పిల్లల పాదం

(బడి భవనాల పనులు చూసుకునే తల్లిదండ్రుల కమిటీ సభ్యులు, ప్రధానోపాధ్యాయులు, ఇంజినీరింగ్ అసిస్టెంట్ల శిక్షణ సమావేశంలో ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం పక్కన నాలుగు పలకలు, ఒక బకెట్ నీళ్లు చూసే ఉంటారు. వాటి దగ్గరికి చివర్లో వెళ్దాం.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన సామెత. నోటి సంగతి ఒప్పుకుంటాను. కాలి సంగతి మాత్రం బడి వరండాలో నిలబడి నేను ఒప్పుకోలేను. ఎనిమిదేళ్ల పిల్ల పరిగెత్తుతూ వెల్లకిలా పడితే ముందు నేలకు తగిలేది తల వెనక భాగం. చెయ్యి ఆనించబోతే మణికట్టు విరుగుతుంది. పన్ను విరిగితే, అది పాలపన్ను కాకపోతే, ఇక జీవితాంతం అంతే.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన విషయం కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక హైస్కూలు వరండాకి పాలిష్ గ్రానైట్ ఓకే చేసింది నేనే. ఊళ్లో దాత ఒకాయన రాయి ఇస్తానన్నారు. మంచి రాయి, నల్లగా అద్దంలా మెరుస్తోంది. ప్రారంభోత్సవం రోజు అందరూ మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. జులైలో వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఇంటిగంట కొట్టేసరికి జల్లు వరండాలోకి కొడుతోంది. పిల్లలందరూ ఒక్కసారిగా బయటికి వచ్చారు. ఆరో తరగతి అమ్మాయి జారి పడింది, కుడి చేతి మణికట్టు విరిగింది. వారం తర్వాత నేను వెళ్లి చూశాను. హెడ్మాస్టరు గారు ఆ వరండా అంతా గోనెసంచులు పరిపించి ఉంచారు. అంత ఖర్చు పెట్టిన రాయి మీద గోనెసంచులు! ఆ అమ్మాయి కట్టు కట్టిన చేత్తో కిటికీ దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటోంది. ఆ రోజు నుంచి నేల విషయంలో నా పద్ధతి మారిపోయింది.

నేను చేసిన తప్పేంటో చెప్తాను. రాయిని పొడిగా ఉన్నప్పుడు చూశాను, చేత్తో తడిమాను, బూట్లతో నడిచాను. ఆ మూడూ పనికిరాని పరీక్షలే. పొడి నేల మీద దాదాపు ఏ రాయీ జారదు. అద్దంలా మెరిసే గ్రానైట్ కూడా పొడిగా, శుభ్రంగా ఉంటే కాలిని బాగానే పట్టుకుంటుంది. మనం నేలను ఎంచుకునేది టైల్స్ షాపులో, ఫ్యాను కింద. పిల్లలు దాని మీద పరిగెత్తేది వానలో.

తడిస్తే ఏమవుతుంది? మడమ నేలకు ఆనే క్షణంలో దాని కింద పల్చటి నీటి పొర ఉంటుంది. ఆ నీరు పక్కకు తప్పుకుంటేనే పాదం నేలను పట్టుకుంటుంది. నిలబడి ఉన్న పాదానికి అంత వ్యవధి ఉంటుంది, పరిగెత్తే పాదానికి ఉండదు. నేల మీద కంటికి ఆనని చిన్న చిన్న మొనలు ఉంటే అవి నీటి పొరను చీల్చుకుని వచ్చి పాదానికి తగులుతాయి. పట్టు అక్కడ పుడుతుంది. ఎంత ఎత్తు మొనలు కావాలి? బ్రిటన్‌లో పని ప్రదేశాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ దీనికి ఒక లెక్క ఇచ్చింది. నీళ్లతో తడిసే చోట గరుకుదనం 20 మైక్రాన్లు దాటితే జారే ప్రమాదం తక్కువ, 10 లోపు ఉంటే ఎక్కువ. 20 మైక్రాన్లంటే మన తల వెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో. అంత చిన్న తేడా మీద పిల్లల చేతులు, తలలు ఆధారపడి ఉన్నాయి. ఇది మామూలు నీళ్ల లెక్క. సాంబారు, నూనె లాంటి చిక్కటివాటికి దీనికి మూడింతలు, అంతకు పైన కూడా గరుకు కావాలి. మన బడుల్లో రాగిజావ ఒలుకుతుంది, పప్పు ఒలుకుతుంది. భోజనాల చోటికి, వంటగదికి వరండా కన్నా గరుకు నేల ఎందుకు అడుగుతానో దీన్నిబట్టి అర్థమై ఉంటుంది.

తరగతి గది గురించి ఎక్కువ చెప్పను. అక్కడ తడి తక్కువ, పిల్లలు కూర్చునే ఉంటారు. మెరుపు లేని (మ్యాట్) విట్రిఫైడ్ టైల్స్ వేసినా, తాండూరు బండ వేసినా, మొజాయిక్ వేసినా నాకు పేచీ లేదు. గుమ్మం దగ్గర ఇసుక దులుపుకోవడానికి ఒక గరుకు పట్టా వేయండి, చాలు. మట్టి గ్రౌండు నుంచి వచ్చే ఇసుక నున్నటి టైలు మీద పడితే గోళీల మీద నడిచినట్టే.

నా భయమంతా నాలుగు చోట్ల. జల్లు కొట్టే వరండా, చేతులు కడుక్కునే కుళాయిల వరస, భోజనం చేసే చోటు, మరుగుదొడ్లు. వీటికి తోడు ర్యాంపు, మెట్లు. కుళాయిల వరస ముందు నేలను మనవాళ్లు ఎస్టిమేటులో అసలు రాయరు. కుళాయిలు రాస్తారు, సింకు రాస్తారు, గోడకు టైల్స్ రాస్తారు. కింద నేల పాతదే ఉంటుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బడి పిల్లలంతా ఆ ఆరడుగుల జాగాలో తడికాళ్లతో, చేతుల్లో కంచాలతో తోసుకుంటారు. నన్నడిగితే బడిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నేల అదే.

ఇప్పుడు మనకు దొరికే సరుకు సంగతి చూద్దాం.

మన ప్రాంతం రాళ్లకు పెట్టింది పేరు. తాండూరు, బేతంచెర్ల, కడప బండలు, పక్క రాష్ట్రం నుంచి షాబాదు బండలు. ఇవన్నీ సున్నపురాళ్లే. గనిలోంచి పొరలు పొరలుగా లేస్తాయి కాబట్టి వీటి సహజ ముఖం కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ ముఖాన్ని అలాగే ఉంచి అంచులు మాత్రం మిషన్‌తో కోయించి వేస్తే వరండాకి చక్కటి నేల. చవక, చల్లన, మన మేస్త్రీలకు తెలిసిన పని. కానీ ఏం చేస్తాం? పరిచిన తర్వాత పాలిష్ మిషన్ పెట్టిస్తాం. నాలుగు రౌండ్లు కొట్టించి, మెరుపు వచ్చిందని సంతోషిస్తాం. దేవుడిచ్చిన గరుకును డబ్బులిచ్చి మరీ తీయించుకోవడమే ఇది. వరండా బండకు పాలిష్ వద్దని వర్క్ ఆర్డరులో ఒక్క వాక్యం రాయండి. ఖర్చు కూడా తగ్గుతుంది.

సున్నపురాయితో ఒక జాగ్రత్త ఉంది. యాసిడ్ తగిలితే పొంగి, కరిగిపోతుంది. మరుగుదొడ్డిలో యాసిడ్ వాడతారు కాబట్టి అక్కడ ఈ బండలు వేయకండి.

గ్రానైట్ విషయానికొస్తే, రాయి తప్పేం లేదు, తప్పంతా పాలిష్‌ది. అదే రాయిని ఫ్లేమ్ ఫినిష్‌లో అడగండి. మంట పెడితే పైపొరలో ఉన్న స్ఫటికాలు చిట్లి పెచ్చులు ఊడిపోతాయి, ముఖం గరుకుగా మారుతుంది. పాత గుళ్ల ప్రాకారాలు గుర్తు తెచ్చుకోండి. అభిషేకం నీళ్లు పారుతుంటాయి, నూనె పడుతుంది, జనం అందరూ ఉత్త కాళ్లతోనే ప్రదక్షిణ చేస్తారు. ఉలి దెబ్బలు కనిపించే రాయి మీద కాలు నిలుస్తుంది. ఆ గుడిలోనే మధ్యలో ఎక్కడో కొత్తగా పాలిష్ రాయి వేసిన చోట ముసలివాళ్లు గోడ పట్టుకుని నడుస్తారు. ఇది మీలో చాలామంది చూసే ఉంటారు.

సిమెంటు గచ్చు బీద బడికి మంచి నేస్తం. మన మేస్త్రీలు చివర్లో చిక్కటి సిమెంటు పాలు పోసి తాపీతో నున్నగా రుద్దుతారు. లోపలి గదికి బాగుంటుంది, తడిసే చోట మాత్రం ముంచుతుంది. బయట వేసేటప్పుడు ఆ నున్నటి పూత ఆపించి, పచ్చిగా ఉన్నప్పుడే గట్టి చీపురుతో అడ్డంగా గీతలు లాగమనండి. అడ్డంగా అంటే, పిల్లలు నడిచే దారికి అడ్డంగా. పైసా ఖర్చు లేని పని ఇది. మేస్త్రీ మాత్రం అలా వదిలేస్తే పని చేతకాదనుకుంటారని బాధపడతాడు. దగ్గరుండి, ఎందుకో చెప్పి చేయించండి. గీతలు పెట్టడం చేతకాకపోవడం కాదని అతనికి తెలియాలి.

ఇక టైల్స్. మన దేశంలో టైల్స్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. మీరు షాపుకి వెళ్తే రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది, ‘మ్యాట్ సార్, జారదు’. మ్యాట్ అనే మాట మెరుపు గురించి చెప్తుంది, పట్టు గురించి చెప్పదు. మెరుపు లేకుండా సబ్బుబిళ్లలా నున్నగా ఉండే మ్యాట్ టైల్స్ ఎన్నో ఉన్నాయి. రెండోది, ‘యాంటీ స్కిడ్ సార్, ఆర్9’. ఈ ఆర్ నంబరు ఏమిటో తెలుసుకుంటే మిమ్మల్ని ఎవరూ మభ్యపెట్టలేరు.

జర్మనీలో ఒక పరీక్ష ఉంది. ఒక వాలుబల్ల మీద టైల్స్ పరుస్తారు. దాని మీద ఇంజిన్ ఆయిల్ పోస్తారు. పడిపోకుండా పైనుంచి తాడు కట్టిన మనిషి భద్రతా బూట్లు వేసుకుని ముందుకీ వెనక్కీ నడుస్తుంటాడు. బల్లను మెల్లగా ఎత్తుతూ పోతారు. ఎన్ని డిగ్రీల దగ్గర అతని కాలు జారడం మొదలైందో దాన్నిబట్టి నంబరు. 6 నుంచి 10 డిగ్రీలైతే ఆర్9. 10 నుంచి 19 వరకు ఆర్10. 19 నుంచి 27 వరకు ఆర్11. 27 నుంచి 35 వరకు ఆర్12. ఆపైన ఆర్13. అంటే ఆర్9 ఆ వరసలో అట్టడుగు మెట్టు. తొమ్మిది అనగానే పదికి తొమ్మిది మార్కులు అనుకుంటాం, నిజానికి అది పాస్ మార్కుల దగ్గర ఆగిన టైలు. తడవని గదికి సరిపోతుంది. జల్లు కొట్టే వరండాకి, కుళాయిల ముందుకి నేనైతే ఆర్11 అడుగుతాను.

ఇంకో మాట కూడా ఉంది, ఇది మన బడులకు ముఖ్యం. ఆ పరీక్ష బూట్లతో చేసింది. మన పిల్లలకు బడి కిట్లో బూట్లు ఇస్తున్నా, గది బయట విడిచి లోపలికి వెళ్తారు. మరుగుదొడ్డికి ఉత్త కాళ్లతోనే పరిగెత్తేవాళ్లు ఎందరో. ఉత్త కాళ్లకు వేరే పరీక్ష ఉంది. నూనెకు బదులు సబ్బునీళ్లు పోసి, బూట్లు లేకుండా నడుస్తారు. దాని ఫలితాలు ఏ, బీ, సీ అని వస్తాయి. 12 డిగ్రీలు దాటితే ఏ, 18 దాటితే బీ, 24 దాటితే సీ. మరుగుదొడ్లకు, కాళ్లు కడుక్కునే చోటుకు బీ తగ్గకుండా తీసుకోండి. కంపెనీ వాళ్ల పరీక్ష పత్రంలో ఈ రెండూ అడగండి. పత్రం చూపించలేనివాళ్ల దగ్గర తడి చోట్లకు టైల్స్ కొనకండి.

లోలకం పరీక్ష అని మరొకటి ఉంది. లోలకం చివర రబ్బరు ముక్క కట్టి తడి నేల మీద రాసుకునేలా ఊపుతారు. రాసుకున్నాక ఎంత ఎత్తుకు లేచిందో చూసి నంబరు ఇస్తారు. నేల ఎంత బాగా పట్టుకుంటే అంత తక్కువ లేస్తుంది, నంబరు అంత పెరుగుతుంది. ఈ పద్ధతికి మూలం 1940లలో అమెరికాలో తయారైన పరికరం. 36, అంతకు పైన వస్తే ప్రమాదం తక్కువ. 25 నుంచి 35 వరకు మధ్యస్థం. 24, అంతకు లోపు వస్తే ఆ నేల మీద పిల్లల్ని వదలకూడదు. దీనిలో మేలేంటంటే పరచిన నేల మీద కూడా చేయొచ్చు, ఏళ్లు గడిచాక మళ్లీ చేసి ఎంత అరిగిందో చూడొచ్చు.

ర్యాంపుకి ఈ 36 చాలదు. దివ్యాంగులైన పిల్లల కోసం మనం వేసే ర్యాంపు 12 అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు. అంత వాలు మీద అదే పట్టు రావాలంటే సుమారు 44 కావాలి. చాలా బడుల్లో ర్యాంపు మీద పాలిష్ గ్రానైట్ చూశాను. చక్రాల కుర్చీని వెనక నుంచి పట్టుకుని దింపే తోటి పిల్లవాడి కాలు జారితే ఏమవుతుందో ఊహించండి. కుర్చీలో ఉన్న బిడ్డకు తనను తాను ఆపుకునే వీలు లేదు. ర్యాంపు మీద చీపురు గీతల సిమెంటో, ఫ్లేమ్ గ్రానైటో తప్ప ఇంకేదీ నేను ఒప్పుకోను.

మెట్లకు అంచు మౌల్డింగ్ మీద మోజు తగ్గించుకోవాలి. గుండ్రంగా చెక్కి పాలిష్ పెట్టిన అంచు చూడ్డానికి అందంగా ఉంటుంది. దిగేటప్పుడు పాదం ఆనేది సరిగ్గా ఆ అంచు మీదే. అంచు తీరుగా, గరుకుగా, పక్కవాటికి వేరే రంగులో ఉంటే చూపు మందగించిన పిల్లలకు కూడా మెట్టు ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది.

(సభలో నుంచి ఒక ప్రధానోపాధ్యాయురాలి ప్రశ్న: గరుకు టైల్స్ వేశాం సార్, ఆరు నెలల్లో నల్లగా అయిపోయాయి. ఆయా గొడవ పెడుతోంది. ఏం చేయమంటారు?)

మంచి ప్రశ్న అమ్మా. ఆయా చెప్పేది నిజం. గరుకు నేల మురికిని పట్టుకుంటుంది. మనం ఆమెకు ఇచ్చింది మాప్ కర్ర. మాప్ గరుకు నేల మీద మురికిని గుంటల్లోకి రుద్దుతుంది, తీయదు. పొడవాటి కర్రకు కట్టిన గట్టి బ్రష్షు, నీళ్లు లాగే రబ్బరు వైపరు ఇవ్వండి. అవి కొనకుండా గరుకు టైల్స్ కొనడం సగం పనే. మురికి, సబ్బు జిడ్డు గుంటల్లో పేరుకుంటే గరుకు టైలు కూడా నున్నటి టైలులాగే జారుతుంది. ఫినాయిలు, సబ్బునీళ్లు చల్లి కడగకుండా వదిలేస్తే అదే జిడ్డు. కడిగాక మంచినీళ్లతో మళ్లీ ఒకసారి కడగాలి, నీళ్లు లాగేయాలి, ఆరేదాకా పిల్లల్ని రానివ్వకూడదు. కాబట్టి కడిగే వేళ ఇంటర్వెల్‌కి ముందు కాదు, బడి వదిలాక.

దీనికి ముందు ఇంకొకటి ఉంది. టైలు ఎంచుకునేటప్పుడు ఆయాని పిలిచారా? నేను చూసిన ఏ కమిటీ మీటింగులోనూ ఆమె లేదు. రోజూ ఆ నేల మీద నడుం వంచేది ఆమె. రెండు మూడు నమూనాల మీద పప్పు ఒలికించి, ఆమెతో కడిగించి చూడండి. మరీ ముళ్లలా ఉండే టైలు వేస్తే ఆమె యాసిడ్ పోయడం మొదలుపెడుతుంది. యాసిడ్ టైలు కన్నా ముందు సందుల్లోని సిమెంటును తినేస్తుంది, సందుల్లో నీళ్లు దిగుతాయి, టైల్స్ లేస్తాయి. పిల్లల కాలికి చాలినంత, ఆమె చేతికి లొంగినంత గరుకు కావాలి. ఆ రెండూ కలిసే చోటు ఆమె లేకుండా మీకు దొరకదు.

మరుగుదొడ్డికి అడుగు సైజు టైల్స్ తీసుకోండి, రెండడుగులవి వద్దు. చిన్న టైలుకి సందులు ఎక్కువ, పాదానికి ఆ సందులు కూడా కాస్త పట్టు ఇస్తాయి. పైగా నాహనీ ట్రాప్ (నేల మీద నీళ్లు బయటికి పోయే జాలీ) వైపు నాలుగు పక్కల నుంచీ వాలు ఇవ్వాలంటే పెద్ద టైలు వంగదు కదా. మధ్యలో నీళ్లు నిలుస్తాయి, పాచి పడుతుంది. పాచి పట్టాక ఆర్ నంబరు ఎంతైనా ఒకటే. మీటరు పొడవుకి ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. టైల్స్ మేస్త్రీ వెళ్లకముందే బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎక్కడా మడుగు కట్టలేదని చూశాకే బిల్లు మీద సంతకం పెట్టండి.

(మరో ప్రశ్న: మా బడిలో ఇప్పటికే పాలిష్ గ్రానైట్ వేసేశారు. పీకి కొత్తది వేసే డబ్బులు లేవు.)

పీకక్కర్లేదు. ముందు నీళ్లు లోపలికి రాకుండా చూడండి. వరండా చూరుకి రేకు పొడిగించడం, పైకప్పు నీళ్లకు గొట్టం పెట్టడం నేల మార్చడం కన్నా చవక. తర్వాత రాయి మీద పని. మన ఇళ్లలో తిరగలి అరిగిపోతే కక్కు కొట్టేవాళ్లు వచ్చేవారు, గుర్తుందా? నున్నబడిన రాయి గింజను పట్టుకోదని ఉలితో గంట్లు పెట్టేవారు. ఇదీ అంతే. చిన్న మిషన్‌తో గానీ, ఉలీ సుత్తితో గానీ పైముఖాన్ని పొడిపించవచ్చు. అంతా అక్కర్లేదు. జల్లు తగిలే బయటి వైపు మూడు నాలుగు అడుగులు, గుమ్మాల ముందు, మెట్ల మీద చాలు. జిగురు పట్టీలు అతికించడం తాత్కాలికం. తడికి అంచులు లేస్తాయి, లేచిన అంచే కాలికి తట్టుకుంటుంది. పెడితే నెలనెలా చూసి మార్చే మనిషి ఉండాలి. ఇంకో దారి, ఇసుక కలిపిన ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) పూత. అది వేసేముందు పాలిష్‌ను గీకించాలి, లేకపోతే పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇక షాపులో చేయగల పరీక్ష ఒకటి చెప్పి ముగిస్తాను. ఒక పొడవాటి పలక మీద రెండు మూడు రకాల టైల్స్ పక్కపక్కన పెట్టండి. వాటి మీద సబ్బునీళ్లు చల్లండి. ఒక్కోదాని మీద బాగా అరిగిన హవాయి చెప్పు పెట్టి, చెప్పు మీద ఇటుక పెట్టండి. అన్ని చెప్పులూ ఒకే రకంగా అరిగినవై ఉండాలి. పలకను ఒక వైపు మెల్లగా ఎత్తండి. ఏది ముందు జారిందో రాసుకోండి. ఇది ల్యాబ్ పరీక్షకు సాటి రాదు. కదలని చెప్పు కింద నీరు తప్పుకుంటుంది, పరిగెత్తే పాదం కింద తప్పుకోదు. కాబట్టి ఇందులో గెలిచిన టైలు మంచిదని పూర్తిగా నమ్మకండి, ఓడిపోయినదాన్ని మాత్రం నిస్సందేహంగా పక్కన పెట్టండి. ఎంచుకున్న టైలు ఒకటి కమిటీ సభ్యులందరూ వెనక సంతకాలు పెట్టి హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టండి. లోడు వచ్చిన రోజు దానితో పోల్చి చూడండి. నమూనా గరుకుగా, లోడు నున్నగా వచ్చిన సందర్భాలు నేను చూశాను.

అదిగో ఆ గుమ్మం దగ్గర నాలుగు పలకలున్నాయి. ఒకటి పాలిష్ గ్రానైట్, ఒకటి ఫ్లేమ్ గ్రానైట్, ఒకటి పాలిష్ కొట్టని తాండూరు బండ, ఒకటి ‘యాంటీ స్కిడ్’ అని అట్టపెట్టె మీద రాసి ఉన్న టైలు. నీళ్లు పోస్తాను. పక్కన నిలబడేవాళ్లు చెయ్యి అందించండి. చెప్పులు విప్పి ఒక్కొక్కరు రండి.